‘ఎందుకు జరిగింది?’ అని అడగడానికి బడ్జెట్ ఎవరిస్తారు?

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో లైమా అనే ఊరుంది. అక్కడి చమురు శుద్ధి కర్మాగారం 1990లలో బీపీ కంపెనీ చేతిలో ఉండేది. అమ్ముకుంటే డబ్బొచ్చే బ్యూటేన్ వాయువు కొంత అక్కడ ఫ్లేర్ గొట్టం కొసన మండి గాలిలో కలిసిపోయేది. ఇందులో రహస్యమేమీ లేదు. ఆపరేటర్లకు తెలుసు, ఇంజనీర్లకు తెలుసు, ఎనిమిదేళ్లుగా తెలుసు. చివరికి వేరువేరు విభాగాలవాళ్లు కొందరు జట్టుగా కూర్చుని, ఆ గ్యాసును ఎందుకు కాల్చేయాల్సి వస్తోందో వరసగా ఆరా తీశారు. కొద్ది వారాల్లోనే దారి దొరికింది. అయిన ఖర్చు సుమారు 5 వేల డాలర్లు. దానివల్ల ఏటా మిగిలింది దాదాపు 15 లక్షల డాలర్లు.

ఈ లెక్క చూస్తే ఏ యజమానికైనా సంబరమే. కానీ సంబరపడేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? చేతకాక కాదు, డబ్బు లేక అసలే కాదు. ఆ పని ఎవరి డ్యూటీలోనూ లేదు, అంతే. ఆపరేటరుకు ఆ రోజు ఉత్పత్తి ముఖ్యం. మెయింటెనెన్స్ వాళ్లకు ఆ పూట మొరాయించిన పంపు ముఖ్యం. ఇంజనీరుకు వచ్చే నెల మొదలయ్యే ప్రాజెక్టు ముఖ్యం. ‘ఎందుకు’ అని అడగడానికి పని గంటలు కేటాయించే అధికారం వీళ్లలో ఎవరికీ లేదు. ఆ అధికారం ఉన్నవాళ్ల గది కిటికీలోంచి ఆ మంట కనిపించదు.

ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, విమానయానంలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ‘రూట్ కాజ్ ఎనాలిసిస్’ పేరుతో నడిచే కార్యక్రమాలు ఈ ఖాళీని పూడ్చడానికి పుట్టినవే. ఏదైనా చెడిపోతే, ఎవరికైనా దెబ్బ తగిలితే, లేదా తృటిలో తప్పిపోతే, బాగుచేసి ఊరుకోకుండా మూలం దాకా వెళ్లి వెతకడం వాటి పని. వెతికే పద్ధతులు కొత్తవీ కావు, కష్టమైనవీ కావు. రెండు మూడు రోజుల శిక్షణతో ఎవరైనా నేర్చుకోవచ్చు. అయినా చాలా సంస్థల్లో ఈ కార్యక్రమాలు ప్రారంభోత్సవం నాటి బ్యానరు వెలిసిపోయేలోగా మూలనపడతాయి. ఆగేది ఎక్కువగా ఒక్కచోటే, పై అధికారుల గుమ్మం దగ్గర.

అక్కడే ఎందుకు ఆగుతాయో టయోటా ఇంజనీరు తాయిచి ఓనో చెప్పిన ఒక పాత ఉదాహరణలోనే దొరుకుతుంది. యంత్రం ఆగిపోయింది. ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకు నూనె సరిగా అందలేదు. ఎందుకు అందలేదు? నూనె పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు తోడటం లేదు? దాని ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? వడపోత జల్లెడ బిగించకపోవడంతో లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. జల్లెడ బిగిస్తే కథ అక్కడితో సరి.

ఈ ‘ఐదు ఎందుకులు’ చాలా శిక్షణ తరగతుల్లో చెబుతారు. వాటిలో చెప్పనిది ఒకటుంది. ఫ్యూజు మార్చడం ఎలక్ట్రీషియన్ పని. నూనె చూసుకోవడం మెయింటెనెన్స్ ఫోర్‌మన్ పని. జల్లెడ లేని యంత్రాన్ని కొనడమో, జల్లెడ లేకుండా బిగించి నడపడమో మాత్రం ఇంకా పైవాళ్ల నిర్ణయం. కారణం లోతుకు వెళ్లేకొద్దీ బాధ్యత నిచ్చెన ఎక్కి పైకి వెళుతుంది. నిజాయితీగా సాగిన ఏ పరిశోధన అయినా చివరికి ఒక బడ్జెట్ నిర్ణయం దగ్గరో, ఒక కొనుగోలు ఆర్డరు దగ్గరో, సిబ్బంది సంఖ్యను ఖరారు చేసిన సంతకం దగ్గరో తేలుతుంది. అంటే యాజమాన్యాన్ని మద్దతు ఇమ్మని అడగడంలో ఒక చిక్కుంది. తమ బల్ల మీదికే వచ్చి వాలే ప్రశ్నకు తామే డబ్బు, మనుషులు, సమయం ఇవ్వాలని వాళ్లను అడుగుతున్నాం.

పరిశోధన పైకి ఎక్కకుండా కిందే ఆగిపోతే ఏమవుతుందో ఉద్యోగం చేసినవాళ్లందరికీ తెలుసు. ‘మానవ తప్పిదం’ అని ఒక ముక్క రాస్తారు, ఒక మెమో ఇస్తారు, ‘సిబ్బందికి మళ్లీ శిక్షణ’ అని సిఫారసు చేసి ఫైలు మూసేస్తారు. ఫ్యూజు మార్చడంలాంటిదే అది.

లైమా సంగతిని లోకానికి చెప్పినవారు ఎంఐటీ ఆచార్యులు నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్. 2001లో వాళ్లు రాసిన వ్యాసం శీర్షికలోనే సారమంతా ఉంది. జరగకుండా ఆపిన సమస్యకు ఎవరికీ పేరు రాదు అన్నది దాని భావం. అర్ధరాత్రి ఆగిపోయిన లైనును తెల్లారేలోగా నడిపించినవాడికి భుజం తట్టడాలు, ప్రశంసాపత్రాలు. ఆ లైను ఏడాది పొడవునా ఆగకుండా చూసినవాడు ఏం చేశాడో ఎవరికీ కనిపించదు. వాళ్లు చూపించిన ఉచ్చు ఇంకా లోతైనది. ఒత్తిడి పెరిగినప్పుడు మెరుగుదలకు కేటాయించిన గంటలు కోసేసి ఉత్పత్తి మీద పెడతారు. వెంటనే ఉత్పత్తి పెరుగుతుంది, మేనేజరుకు తన నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. నష్టం నెలల తర్వాత, మరో బ్రేక్‌డౌన్ రూపంలో వస్తుంది. అప్పటికి కారణానికీ ఫలితానికీ మధ్య దూరం పెరిగిపోతుంది. తప్పు సోమరి కార్మికుల మీదికి పోతుంది. మళ్లీ ఒత్తిడి, మళ్లీ కోత. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. అందుకే దీన్ని విడగొట్టడం కష్టం.

మరి ఈ గుమ్మం ఎలా దాటాలి? అనుభవజ్ఞులు మొదట చెప్పేది డబ్బు లెక్క. నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్ 1951లో తన క్వాలిటీ కంట్రోల్ హ్యాండ్‌బుక్‌లోనే, నివారించదగిన నాణ్యతా నష్టాలను గనిలో తవ్వకుండా వదిలేసిన బంగారం అన్నాడు. కింది స్థాయిలో మాటలన్నీ వస్తువుల గురించి ఉంటాయి, పై స్థాయిలో డబ్బు గురించి ఉంటాయి, మధ్యలో ఉన్నవాడికి రెండూ వచ్చి తీరాలి అన్నది ఆయన బోధ. ‘మూడో నంబరు పంపు సీలు నాలుగుసార్లు పోయింది’ అంటే డైరెక్టరుకు ఏమీ తోచదు. ఆ నాలుగు సార్లూ కలిపి ఎన్ని గంటల ఉత్పత్తి పోయిందో, ఎంత ఓవర్‌టైమ్ పడిందో, ఎన్ని ఆర్డర్లు ఆలస్యమయ్యాయో చెబితే కుర్చీలో ముందుకు జరుగుతాడు.

ఈ లెక్కలు ఎంత తేలిగ్గా దాగిపోతాయో బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ 1993లో బయటపెట్టింది. ఒక నిర్మాణ స్థలం, ఒక పాల కేంద్రం, ఒక రవాణా సంస్థ, ఒక చమురు వేదిక, ఒక ఆస్పత్రి, ఈ ఐదు చోట్లా ప్రమాదాల ఖర్చును అంశాలవారీగా కూడి చూసింది. బీమా కింద లెక్కకొచ్చే ప్రతి పౌండు ఖర్చుకూ, బీమా లేకుండా సంస్థే భరించినది 8 నుంచి 36 పౌండ్ల దాకా తేలింది. ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అనే మేనేజరు ముందు పెట్టదగ్గ అంకె ఇది.

అంకెలు పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. అమెరికాలో బీమా కంపెనీ ఉద్యోగి హెర్బర్ట్ హెయిన్రిక్ 1931లో ఇచ్చిన నిష్పత్తి ఒకటి భద్రతా పోస్టర్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, 300 గాయం కాని ఘటనలు ఉంటాయన్నది అది. ఆయన వాడిన అసలు రికార్డులు ఎవరికీ దొరకలేదు. ఆ నిష్పత్తిని నేటి పరిశోధకులు గట్టిగా ప్రశ్నిస్తున్నారు. ఎక్కడి నుంచో తెచ్చిన గుండ్రటి అంకెను బోర్డు ముందు పెట్టి, ఫైనాన్స్ డైరెక్టరు ‘ఇది మన ప్లాంటులోదేనా?’ అని అడిగినప్పుడు నీళ్లు నమిలితే, కార్యక్రమం అక్కడే ముగిసిపోతుంది. సొంత ప్లాంటులోని ఒక్క సమస్య, సొంత లెడ్జరులోని అంకెలు, అది చాలు. లైమా బ్యూటేన్‌కు అంత బలం అందుకే వచ్చింది.

చిన్నగా మొదలుపెట్టి, ఫలితాన్ని పెద్దవాళ్ల ముందు పెట్టే ఈ పద్ధతికి మన దేశంలో మంచి ముందడుగు పడింది హైదరాబాదు పొలిమేరల్లోనే. 1962లో జపాన్‌లో కవోరు ఇషికావా చొరవతో పుట్టిన క్వాలిటీ సర్కిళ్లు 1980లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. మన దేశంలో ఇదే తొలి ప్రయత్నంగా చెబుతారు. అప్పటి జనరల్ మేనేజరు ఎస్.ఆర్. ఉడుపా వాటి వెనుక నిలిచారు. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియాకు సికింద్రాబాదే కేంద్రమైంది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు స్వచ్ఛందంగా క్రమం తప్పకుండా కూర్చుని, తమ పనిలోని ఒక సమస్యను ఎంచుకుని, ఇషికావా చేపముల్లు బొమ్మ గీసి, కారణాలు వెతికి, పరిష్కారాన్ని తామే యాజమాన్యం ముందు వివరించాలి.

ఈ చివరి మెట్టే కీలకం. సలహాల పెట్టెలో చీటీ వేయడానికీ, లేత్ దగ్గర పనిచేసే మనిషి చార్టు పట్టుకుని జనరల్ మేనేజరు ఎదుట నిలబడటానికీ చాలా తేడా ఉంది. చీటీకి జవాబు రాకపోయినా పరవాలేదు. ఎదురుగా నిలబడిన మనిషికి మాత్రం ‘సరే’ అనో ‘కాదు, ఎందుకంటే’ అనో చెప్పి తీరాలి.

అయితే ఈ సర్కిళ్ల చరిత్ర అంతా విజయగాథే అనుకోనక్కర్లేదు. 1985లో ఎడ్వర్డ్ లాలర్, సూసన్ మోర్మన్ అమెరికన్ కంపెనీల అనుభవాన్ని పరిశీలించి, తొలి ఉత్సాహం తర్వాత చాలా సర్కిళ్లు ఎందుకు నీరుగారాయో రాశారు. అడ్డు తగిలింది పై బాసు కాదు, మధ్య స్థాయి మేనేజర్లు. తమను ఎవరూ సంప్రదించకుండా కిందివాళ్లు తెచ్చిన సూచనను అమలు చేయాల్సిన భారం వాళ్ల మీద పడింది. దానికి తోడు ‘ఇన్నాళ్లూ నువ్వెందుకు చూడలేదు?’ అన్న నింద కూడా. చైర్మన్ సంతకం పెట్టినా డిపార్ట్‌మెంట్ హెడ్ ‘ఈ వారం మనుషుల్ని పంపలేను’ అంటే చాలు, పరిశోధన ఆగిపోతుంది. మద్దతు కోసం వెళ్లేవాళ్లు చాలామంది పెద్ద గది తలుపు ఒక్కటే తడతారు. పిల్లి మెడలో గంట కట్టాల్సింది మాత్రం మధ్య అంతస్తులో.

ఇక యజమానే ఈ ప్రశ్నను తన భుజాన వేసుకుంటే ఏమవుతుంది? అల్యూమినియం దిగ్గజం ఆల్కోవాకు 1987లో పాల్ ఓనీల్ సీఈఓ అయ్యాడు. అంతకుముందు అమెరికా ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయంలో, తర్వాత ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీలో పనిచేసిన మనిషి. న్యూయార్క్‌లో ఒక హోటల్ హాలులో పెట్టుబడిదారులతో తొలి సమావేశం. లాభాలు, పన్నులు, మార్కెట్ వాటా గురించి వింటామని వచ్చినవాళ్లకు ఆయన కార్మికుల భద్రత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తన లక్ష్యం గాయాల సంఖ్యను సున్నాకు తేవడమే అన్నాడు. విన్నవాళ్లలో ఒకాయన బయటికొచ్చి ఫోనందుకుని, ఆల్కోవా షేర్లు అమ్మేయమని తన ఖాతాదారులకు చెప్పాడు. తన వృత్తి జీవితంలో ఇచ్చిన పరమ చెత్త సలహా అదేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడట.

ఓనీల్ మాటకు పరీక్ష కొన్ని నెలల్లోనే ఎదురైంది. అరిజోనా ప్లాంటులో ప్రెస్సు యంత్రం ఆగిపోయింది. కొన్ని వారాల క్రితమే ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు రక్షణ గోడ దూకి, ఇరుక్కున్న అల్యూమినియం ముక్కను లాగేశాడు. యంత్రం కదిలింది, దాని చేయి తలకు తగిలి అతను చనిపోయాడు. అదే గదిలో ఉన్న మేనేజర్లు అతను గోడ దూకడం చూశారు కానీ ఆపలేదు. ఇలాంటప్పుడు ఎంక్వయిరీ రాసే వాక్యం అందరికీ తెలిసిందే. కార్మికుడు నిబంధన ఉల్లంఘించాడు. ఓనీల్ పెద్ద అధికారులను పిలిపించి, ఆ క్షణాలను ఒకటొకటిగా పరీక్షించి, ఈ మనిషిని చంపింది మనమే అన్నాడు. అందులో తన నాయకత్వ వైఫల్యాన్ని మొదట లెక్కపెట్టాడు. నిచ్చెన పై మెట్టు మీద ఉన్నవాడే కిందికి దిగి బాధ్యత అందుకున్నాడన్నమాట.

ఆ తర్వాత ఆయన పెట్టిన నియమం చూడటానికి చిన్నది. ఎక్కడ ఎవరికి గాయమైనా 24 గంటల్లో ఆ విభాగాధిపతి సీఈఓకు స్వయంగా తెలియజేయాలి. మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. విభాగాధిపతికి 24 గంటల్లో తెలియాలంటే ప్లాంటు మేనేజరుకు అంతకంటే ముందు తెలియాలి. అతనికి తెలియాలంటే షిఫ్టు సూపర్‌వైజరు గంటల్లో చెప్పాలి. దాంతో సమాచారం పైకి పోయే దారులన్నీ తెరుచుకున్నాయి. భద్రత కోసం వచ్చిన సంగతులతోపాటు ఉత్పత్తి లోపాలు, వృథాలు, మంచి ఆలోచనలు కూడా అదే దారిలో పైకొచ్చాయి. ప్రమాదం కనబడితే బడ్జెట్ కోసం ఆగకుండా ముందు సరిచేయమని, లెక్కలు తర్వాత చూసుకుందామని ఓనీల్ చెప్పేవాడు.

గాయాల వల్ల పని దినం కోల్పోయిన ఘటనలు 1987లో 100 మందికి 1.86 ఉండగా, ఆయన దిగిపోయేనాటికి 0.2కు తగ్గాయి. కంపెనీ నికర ఆదాయం 2000 నాటికి సుమారు 5 రెట్లయింది. ఈ రెండో అంకెను భద్రతా సభల్లో మహిమలా చెబుతుంటారు. అంత తొందర వద్దు. ఆ కాలంలో ఆల్కోవా ఇతర కంపెనీలను కొనడం కూడా దానికి తోడైంది. ఒక్క భద్రతే లాభం తెచ్చిందని రుజువు చేయడం కుదరదు. భద్రత మీద దృష్టి పెడితే లాభం పోతుందన్న భయం మాత్రం తప్పని తేలింది. యాజమాన్యం దగ్గరికి వెళ్లేవాళ్లకు ఆ మాత్రం సాక్ష్యం చాలు.

ఆల్కోవా కథలో అంతగా చెప్పుకోని ఘట్టం 1996లో వచ్చింది. వాటాదారుల వార్షిక సమావేశంలో ఒక క్రైస్తవ సన్యాసిని లేచి, మెక్సికోలోని ప్లాంటులో కార్మికులు విషవాయువు బారిన పడ్డారని చెప్పింది. ఓనీల్ ముందు నమ్మలేదు. మనుషుల్ని పంపి ఆరా తీస్తే నిజమని తేలింది. స్థానిక బృందం లోపాన్ని సరిచేసింది కానీ సంగతి పైకి చెప్పలేదు. ఆ విభాగాన్ని నడిపే సీనియర్ అధికారి పేరున్నవాడు, వ్యాపారాన్ని బాగా పెంచినవాడు. అయినా ఆయన పదవి పోయింది. శిక్ష ప్రమాదానికి కాదు, దాచినందుకు.

ఈ తేడా లేకపోతే ఏ పరిశోధన కార్యక్రమమూ నిలవదు. నిజాయితీగా చెప్పినవాడికి రక్షణ ఉంటుంది, దాచినవాడికే చిక్కొస్తుంది అని కింద ఉన్నవాళ్లకు నమ్మకం కుదరాలి. విమానయాన రంగం ఈ పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ సమీపంలో దిగబోతూ వర్జీనియాలోని కొండను ఢీకొట్టి 92 మంది చనిపోయారు. దిగే అనుమతి ఇచ్చే మాటను పైలట్లు ఒకలా, కంట్రోలర్లు మరోలా అర్థం చేసుకోవడం దానికి మూలం. అంతకు ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే చోట, అదే అపార్థంతో కొండకు కొద్ది దూరంలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీలో కొత్తగా పెట్టిన కార్యక్రమం కింద ఆ సంగతి చెప్పారు, యునైటెడ్ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక పక్క కంపెనీకి చేరే దారే లేకపోయింది. 1976లో విమానయాన నియంత్రణ సంస్థ కలిసి రాగా, నాసా నడిపే ప్రత్యేక నివేదికల వ్యవస్థ మొదలైంది. కావాలని చేయని తప్పును పది రోజుల్లోగా చెప్పినవారికి జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. పేర్లు తీసేశాకే సమాచారం బయటికి వెళుతుంది.

కార్యక్రమం మొదలయ్యాక వచ్చే మొదటి ఫలితం యాజమాన్యాన్ని బెదరగొట్టేలా ఉంటుంది. ఘటనల సంఖ్య పెరుగుతుంది. నిజానికి పెరిగింది ఘటనలు కాదు, చెప్పడం. ‘కార్యక్రమం పెట్టాక ప్రమాదాలు ఎక్కువయ్యాయి’ అని మూడో నెల సమీక్షలో ఎవరో ఒకరు అంటారు. మద్దతు అడిగేవాళ్లు ఈ సంగతిని మొదటి సమావేశంలోనే చెప్పి ఉంచాలి. ‘ఏడాదిలో ప్రమాదాలు సగానికి తగ్గిస్తాం’ అని వాగ్దానం చేస్తే, ఆ వాగ్దానమే రేపు నివేదికలు అణచిపెట్టడానికి కారణమవుతుంది. గాయాల్లేని నెలకు బోనస్ ఇచ్చే చోట, చేతికి కట్టు కట్టుకుని డ్యూటీకి వచ్చి మౌనంగా కూర్చునే కార్మికులు కనిపిస్తారు.

తక్కువ అంకె ఎంత మోసం చేయగలదో టెక్సస్ సిటీ చూపించింది. విచిత్రంగా అదీ బీపీదే. లైమా రిఫైనరీని బీపీ 1998లో అమ్మేసింది. అదే ఏడాది చివర్లో ఆమొకో విలీనంతో టెక్సస్ సిటీ రిఫైనరీ దాని చేతికొచ్చింది. లైమాలో నేర్చుకున్నది లైమాతోనే పోయింది. టెక్సస్ సిటీలో 1999లో స్థిర ఖర్చులు 25 శాతం తగ్గించమన్నారు. 2005 బడ్జెట్‌కూ మరో 25 శాతం కోత లక్ష్యం వచ్చింది. మధ్యలో 2004లో ఉద్యోగుల గాయాల రేటు చాలా తక్కువగా నమోదైంది. జారిపడటాలు, వేళ్లు నలగడాలు లెక్కపెట్టే ఆ అంకె, టవర్లలో ఒత్తిడి గురించీ, పాతబడ్డ పరికరాల గురించీ ఏమీ చెప్పదు.

2005 మార్చి 23న అక్కడి ఒక యూనిట్ మొదలుపెడుతుండగా టవరు పరిమితికి మించి నిండిపోయింది. లెవల్ మీటరు తప్పు చూపింది. పొంగిన ద్రవం పాతకాలపు బ్లోడౌన్ గొట్టంలోంచి నేరుగా గాలిలోకి చిమ్మి, ఆవిరి మేఘమై అంటుకుంది. 15 మంది చనిపోయారు, 180 మందికి గాయాలు. చనిపోయినవాళ్లంతా దగ్గర్లోని ట్రెయిలర్ గదుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్న కాంట్రాక్టు సిబ్బంది. అమెరికా రసాయన భద్రతా మండలి విచారణలో తేలినదేమిటంటే, 1994 నుంచి 2004 వరకు ఆ బ్లోడౌన్ వ్యవస్థలోనే ఎనిమిది తీవ్ర ఘటనలు జరిగాయి. వాటిలో ఎక్కువ వాటిని సరిగా పరిశోధించనే లేదు. గ్యాసును ఫ్లేర్‌కు కలిపే సురక్షిత ఏర్పాటు ప్రతిపాదనకు వచ్చి కూడా పక్కకు పోయింది. రిఫైనరీ నాయకత్వానికి ప్రమాదం తెలియకపోలేదు. ఈ చోటు పనికి సురక్షితం కాదని, గత 30 ఏళ్లలో 23 మంది చనిపోయారని 2004లో తమ సూపర్‌వైజర్లకు ఒక ప్రదర్శనలో వాళ్లే చూపించారు. నిచ్చెనలో పై మెట్టుకు చేరవలసినది మధ్యలోనే ఆగింది.

ఇంటి దగ్గరి ఉదాహరణ విశాఖపట్నానిది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల్లో ఇచ్చిన నివేదికలో పైపుల మార్పు నుంచి అలారం దాకా ఎన్నో లోపాలున్నాయి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది, పైన లేదు. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది కాబట్టి ప్రమాదం ఉన్నచోట కొలమానమే లేదు. 2019 డిసెంబరులో పైపుల అమరిక మార్చడంతో ద్రవం లోపల కలియదిరగడం దెబ్బతింది. చల్లబరిచే యంత్రాలను పగటి పూటే నడిపేవారు. అన్నిటికంటే ఆలోచింపజేసేది మరోటి. ట్యాంకులో పాలిమర్ శాతాన్ని కొలిచేవారు, అది పెరుగుతోందని కూడా తెలిసింది. కానీ ఆ అంకెను సరుకు నాణ్యతకు గుర్తుగా చూశారు తప్ప ప్రమాద సూచనగా కాదు. నాణ్యత విభాగంలో పడిన ప్రశ్నకు భద్రత విభాగం దాకా దారి లేకపోయింది.

అలాంటి దారిని కాగితం మీద రాసి పెట్టిన సంస్థ అమెరికాలోని మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థ. 1999లో అక్కడ రోగి భద్రతా కేంద్రం మొదలైనప్పుడు దాన్ని నడిపిన జేమ్స్ బేజియన్ వైద్యుడే కాదు, వ్యోమగామి కూడా. ఛాలెంజర్ ప్రమాద విచారణలో పాల్గొన్నవాడు. ఆయన కట్టిన పద్ధతిలో కావాలని చేసిన నేరాలు, మత్తులో చేసినవి పరిశోధన బృందం చేతికి రావు, వాటికి వేరే దారి ఉంది. మిగిలినవన్నీ 45 రోజుల్లో తేల్చాలి. బృందం చేసిన ప్రతి సిఫారసు పక్కన ఆస్పత్రి డైరెక్టరు అంగీకరిస్తున్నానో లేదో రాసి సంతకం చేయాలి. కాదంటే కారణం రాయాలి, బృందం మరో మార్గం వెతకాలి. ‘చూద్దాం’ అని ఫైలు పక్కన పెట్టే సౌకర్యం అధికారికి లేకుండా పోయింది. సిఫారసుల్లోనూ బలమైనవి, బలహీనమైనవి అని వర్గాలు పెట్టారు. తప్పు గొట్టం తగిలించాలన్నా తగలకుండా కనెక్టరునే మార్చడం బలమైనది. జాగ్రత్తగా ఉండమని సర్క్యులర్ పంపడం, మళ్లీ శిక్షణ ఇవ్వడం బలహీనమైనవి.

మన దేశంలో సంతకం ఎవరిదో చట్టం ఎప్పుడో తేల్చింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, కంపెనీ నడిపే ఫ్యాక్టరీకి ‘ఆక్యుపయర్’ అంటే ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరే అని నిర్వచించారు. ఫ్యాక్టరీ మేనేజరునో, మరో అధికారినో ఆ స్థానంలో చూపించే హక్కు తమకుందని కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. జేకే ఇండస్ట్రీస్ కేసులో 1996లో కోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా స్వతంత్ర డైరెక్టర్లను మినహాయించి అదే నిర్వచనం కొనసాగించింది. ఎవరు అవునన్నా కాదన్నా చివరి ‘ఎందుకు’కు జవాబుదారీ బోర్డు గదిలోనే కూర్చుని ఉన్నాడు. పరిశోధన బృందానికి వారానికి నాలుగు గంటలు అడగడానికి వెళ్లే సేఫ్టీ ఆఫీసరు, లెడ్జరు అంకెలతో పాటు ఆ తీర్పు ప్రతిని కూడా ఫైల్లో పెట్టుకెళ్లవచ్చు.